పంటిలో తేదీ

ఊడిన పన్ను ఎవరికి చెందాలన్న తగువు బుధవారం పొద్దున ఏడింటికి మొదలై, స్కూలు బస్సు వచ్చే వేళకి కూడా తెగలేదు.

"నా నోట్లోంచి వచ్చింది కాబట్టి నాదే," అంది చిన్మయి. ఏడేళ్ల పిల్ల. ముందు పన్ను పోయిన సందులోంచి గాలి పోతుంటే మాటలన్నీ తడితడిగా వస్తున్నాయి. "దిండు కింద పెట్టుకుంటా. టూత్ ఫెయిరీ వస్తుంది. మా క్లాసులో మ్యాడిసన్‌కి స్టిక్కర్ల పుస్తకం ఇచ్చింది."

"ఎవతో రెక్కలావిడ వచ్చి బొమ్మల పుస్తకం పెట్టి పన్ను పట్టుకుపోద్దంట! పిల్ల పన్ను బేరం పెట్టే కొంప కాదమ్మా ఇది," అంది నానమ్మ మాణిక్యమ్మ. ఆవిడ అప్పటికే కరివేపాకు కుండీలోంచి మట్టి తీసి నీళ్లు చల్లి ముద్ద చేసి ఉంచింది. పేడ దొరకని దేశంలో మట్టితోనే సరిపెట్టుకుందామని ఆవిడ నిర్ణయం. పన్ను అందులో పెట్టి ఇంటి మీదకి విసిరితే కొత్త పన్ను వంకర లేకుండా వస్తుంది. కొడుక్కి అలాగే వచ్చింది, కూతురికీ అలాగే వచ్చింది.

"ఇంటి మీద ఎక్కడ నిలుస్తుందమ్మా, జారి గట్టర్లో పడుద్ది," అన్నాడు ఆవిడ కొడుకు ఫణి, బూట్లు వేసుకుంటూ.

"నువ్వు విసిరితే పడుద్దేమో. నేను విసిరితే పడదు."

చిన్మయి తల్లి వకుళ ఈ మాటలన్నీ వింటూనే స్టీలు సాసర్లోంచి పన్ను తీసి, టిష్యూలో చుట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"నాకు ఇది శుక్రవారం లోపల కావాలి," అంది. "చూసి తిరిగి ఇచ్చేస్తాను. తర్వాత దిండు కిందో, ఇంటి మీదో, మీరు ముగ్గురూ తేల్చుకోండి."

"ప్రామిస్?" అంది చిన్మయి.

"ప్రామిస్."

"కాయితం మీద రాసిచ్చినావుగా అందరికీ. మాకూ రాసియ్యి," అంది మాణిక్యమ్మ. ఎగతాళే గానీ, అందులో ఒక పాత గెలుపు ఉంది.

రెండేళ్ల కిందటి సంగతి అది. కార్వర్ లోయలోని తల్లులకి వకుళ తను పనిచేసే లాబ్ తరఫున ఉత్తరాలు రాస్తున్నప్పుడు, మీ పిల్లల పాలపళ్లు మాకు పంపండి అన్న వాక్యం విని మాణిక్యమ్మ చేతిలో ఉన్న గరిటె కింద పెట్టేసింది. ఒకరి బిడ్డ పన్ను ఇంకొకరు ఉంచుకోవడమేంది, వాడుకొని తిరిగి ఇవ్వండి అని మూడు రోజులు వదలకుండా అంది. ఆ పోరు పడలేక వకుళ ఒప్పంద పత్రంలో ఒక వాక్యం చేర్చింది: పన్ను బిడ్డదే, పని పూర్తయ్యాక, అందులో మేము చదివిన వివరంతో సహా తిరిగి పంపుతాం. అప్పటి డైరెక్టరు నవ్వి సంతకం పెట్టాడు. ప్రతి తల్లీ తన చిరునామా రాసి, స్టాంపు అంటించిన తిరుగు కవరు జతచేసింది.

*

పన్ను కోయకుండా చదవడమే వకుళ కనిపెట్టిన సంగతి. చెట్టుకి ఏడాదికో వలయం పడ్డట్టు పంటికి రోజుకో పొర పడుతుంది. పుట్టిన రోజున ప్రతి బిడ్డ పంటిలోనూ ఒక గీత పడుతుంది, తల్లి కడుపులోంచి బయటికొచ్చిన ఆ కుదుపు ఆనవాలుగా. ఆ గీత నుంచి ఒక్కో పొరా లెక్కపెట్టుకుంటూ పోతే, పన్ను ఊడిన రోజు దాకా బిడ్డ ఒంట్లోకి ఏ రోజు ఏం పోయిందో తెలుస్తుంది. లాబ్‌లో రీడర్ అని పిలిచే ఆ యంత్రం కుక్కర్ కంటే కాస్త పెద్దది. పన్ను అందులో పెట్టి మూత వేస్తే నలభై నిమిషాల్లో తెర మీద ఒక పొడవాటి పట్టీ వస్తుంది. దాన్ని తయారుచెయ్యడానికి పదకొండేళ్లు పట్టింది. ఖర్చంతా ప్రజల పన్నుల్లోంచి వచ్చిందే.

పదకొండు వందల నలభై పళ్లు చదివారు. లోయలో పిల్లలందరి పట్టీల మీదా ఒకే చోట నల్లగా ఒక చార మొదలైంది. సీసం. నాలుగేళ్ల కిందట, మార్చి పంతొమ్మిది.

ఆ తేదీ లోయలో అందరికీ తెలుసు. పాత సీసం గనుల దగ్గరి బావుల నీళ్లు ఊరికి వద్దని ఎన్నికైన నీటి బోర్డు ఓటేస్తే, రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చి బోర్డునే రద్దు చేసింది. దాని స్థానంలో ఒక నిర్వాహకుణ్ని పెట్టారు. ఆయన కుర్చీలో కూర్చుని బావుల గొట్టాలు తెరిపించిన రోజు అది. బోర్డుకి మళ్లీ ఎన్నిక పెడతామన్నారు. మూడుసార్లు వాయిదా వేశారు.

"తేదీ ఒక్కటి తీసేయండి డాక్టర్," అన్నాడు మెర్సర్, పన్ను తగువుకి ముందు రోజు, మంగళవారం.

మెర్సర్ ప్రజా విశ్వాస కార్యాలయం నుంచి వచ్చిన అధికారి. కొత్త చట్టం ప్రకారం ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ లాబ్ నుంచైనా ఒక్క కాగితం బయటికి వెళ్లాలంటే ఆయన ముద్ర పడాలి. నెల కిందట డైరెక్టరు రాజీనామా చేస్తే ఆ గదిలోనే కూర్చుంటున్నాడు. గట్టిగా మాట్లాడడు. అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకుని అడుగుతాడు. ఆకుపచ్చ పెన్సిలుతో వకుళ రిపోర్టులో ఒక్క చోటే గీశాడు.

"'ఇటీవలి సంవత్సరాల్లో' అని పెట్టండి. సీసం ఉందని మీరు చెప్తున్నారు, నేను ఆపడం లేదు. పాత ఇళ్ల గొట్టాల్లో సీసం ఉండనే ఉంటుంది."

"పాత గొట్టాలైతే చార మెల్లగా మొదలవుతుంది. ఇది ఒక్క రోజున మొదలైంది."

"మీ యంత్రమే తప్పు చదువుతోందేమో. పై ఊళ్లలో ఆ నీళ్లు లేవు కదా. అక్కడి పన్ను ఒక్కటి, శుభ్రమైనది, చూపించండి. శుక్రవారం పదింటికి పళ్లన్నీ రాజధాని గిడ్డంగికి తీసుకెళ్తున్నాం. ఈలోగా చూపిస్తే తేదీ గురించి ఆలోచిద్దాం. లేకపోతే సవరించిన దాని మీద సంతకం పెట్టండి."

గిడ్డంగికి వెళ్లినవి తిరిగి రావని లాబ్‌లో స్వీపరుకి కూడా తెలుసు.

ఆ రాత్రే చిన్మయి పన్ను ఊడితే, శుభ్రమైన పన్ను తన ఇంట్లోనే, స్టీలు సాసర్లో ఉందని వకుళ అనుకుంది. వాళ్లుండే ఫెయిర్‌లీ లోయకి ఎగువన ఉన్న ఊరు. ప్రభుత్వ పటంలో అది తెల్లగా, బావుల నీళ్లు చేరని చోటుగా ఉంది. అందుకే ఆ ఊరి పళ్లు ఎప్పుడూ అడగలేదు.

*

బుధవారం మధ్యాహ్నం చిన్మయి పన్ను రీడర్‌లో పెట్టి వకుళ సాండ్‌విచ్ తిన్నది. సగం తిని వదిలేసింది. ఎందుకో కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది, వచ్చింది, కవర్లు సర్దింది, మళ్లీ వెళ్లింది.

పట్టీ మొదట్లో తెల్లగానే వచ్చింది. పుట్టిన రోజు గీత కనపడింది. ముప్పై ఆరు గంటల నొప్పులు పడ్డ గీత. ఒక చోట సన్నటి మసక. పది నెలలప్పుడు జ్వరం వచ్చింది, అదే అయ్యుంటుంది. పిల్ల బతుకు అలా రోజులు రోజులుగా తెర మీద జరుగుతుంటే వకుళకి నవ్వొచ్చింది.

తర్వాత నల్ల చార మొదలైంది.

మార్చి పంతొమ్మిది.

వకుళ యంత్రం ఆపి, పన్ను తిప్పి పెట్టి, మళ్లీ నడిపింది. అదే తేదీ. కానీ చార లోయలో పిల్లల కంటే వెడల్పుగా ఉంది. దాదాపు రెండింతలు.

వెనక నుంచి జోయాన్ వచ్చి నిలబడింది. లాబ్‌లో కవర్లు విప్పి పళ్లకి నంబర్లు వేసేది ఆవిడే. అరవై రెండేళ్లు. డిసెంబరులో రిటైరవుతుంది.

"ఇది ఎవరిది?" అంది.

వకుళ డబ్బా ఆవిడ వైపు తిప్పింది. జోయాన్ డబ్బా మీది పేరు చూసింది. ఇంకేం అడగకుండా ఫోన్ తీసుకుని కారిడార్‌లోకి వెళ్లింది. ఆవిడ మరిది ఫెయిర్‌లీ నీటి ప్లాంటులో పనిచేసేవాడు.

పది నిమిషాల్లో తిరిగొచ్చింది. "అదే రోజు మీ ఊరి గొట్టం కూడా కలిపారట. ఎవరికీ చెప్పొద్దన్నారట. పటం మార్చలేదు." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నలభై నాలుగేళ్లుగా ఓటేస్తున్నాను వకుళా. నీటి బోర్డుకి ఎవరు పోటీ చేస్తున్నారో కూడా చూసేదాన్ని కాదు. ఓటు కాగితం చివర్లో ఉండే పేర్లు కదా, ఏదో ఒకటి గీసేసేదాన్ని. ఇప్పుడు చూద్దామంటే ఎన్నికే లేదు."

ఆ సాయంత్రం మెర్సర్ పట్టీని చాలాసేపు చూశాడు. పిల్ల పేరు చెప్పి, నాకు చాలా బాధగా ఉంది అన్నాడు. అన్న తీరులో నిజంగానే బాధ ఉంది. తర్వాత పెన్సిలు తీశాడు.

"కానీ చూడండి, శుభ్రమైన ఊళ్లో కూడా చార వచ్చింది. అంటే యంత్రం తప్పే కదా."

"ఊరే శుభ్రమైనది కాదు."

"పటం అలా చెప్పడం లేదు డాక్టర్."

ఆ మాట విన్నప్పుడు వకుళకి హఠాత్తుగా వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. కనిగిరి వైపు ఒక మండలాఫీసులో ఆయన గుమాస్తా. ఆఫీసు వెనక ఉన్న వర్షమాపకం రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూసి పుస్తకంలో రాయడం కూడా ఆయన పనే. సెలవు రోజుల్లో కొలగ్లాసు వకుళే పట్టుకునేది. ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. మండలం కరువు జాబితాలోకి ఎక్కాలని ఒక నాయకుడి మనిషి వచ్చి కూర్చున్నాడు. నలభై రెండు మిల్లీమీటర్లని పన్నెండు చెయ్యమన్నాడు. నాన్న చేశాడు. కరువు సాయం వచ్చింది, ఊరంతా సంతోషించింది. నాన్న మాత్రం ఆ తర్వాత ఎప్పుడు వాన పడ్డా లేచి వెళ్లి కిటికీ మూసేసేవాడు.

అలాంటివి ఇక్కడ జరగవనే ఆమె ఈ దేశంలో చదువుకోవడానికి వచ్చింది. ఎవరు గెలిచినా ఓడినా ఇక్కడ కొలగ్లాసు జోలికి రారని పద్దెనిమిదేళ్లు నమ్మింది.

*

గురువారం మూడింటికే ఇంటికొచ్చేసింది. చార రెండింతలు ఎందుకుందో రాత్రంతా ఆలోచించినా తెలియలేదు. వంటింట్లోకి అడుగుపెట్టగానే తెలిసింది.

పొయ్యి మీద పెద్ద స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. మాణిక్యమ్మ రోజూ చేసే పనే. ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు పట్టుద్దని మనవరాలికి కుళాయి నీళ్లు కాచి, చల్లార్చి, వడగట్టి ఇస్తుంది. గిన్నెలో సగం ఇగిరిపోయేదాకా దించదు. నాలుగేళ్ల కిందట నీళ్లకి కొంచెం రుచి మారినప్పటి నుంచి ఇంకాస్త ఎక్కువసేపు కాస్తోంది. స్కూలుకి సీసాలో పోసి పంపేదీ, పప్పులో పోసేదీ, మజ్జిగలో కలిపేదీ అవే నీళ్లు.

గిన్నె లోపలి అంచున, నీళ్లు ఇగిరిన మేర, తెల్లటి పూత.

కాస్తే క్రిములు చస్తాయి. సీసం చావదు. నీళ్లు ఆవిరైపోతాయి, సీసం అడుగున ఉండిపోతుంది. ఎంత కాస్తే అంత చిక్కనవుతుంది. ఈ సంగతి తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. వకుళకి ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ గిన్నెని మాత్రం ఆమె ఎప్పుడూ వంటింటి గిన్నెగానే చూసింది. మన ఊరు శుభ్రం అని పటంలో ఉంది కదా.

స్టవ్ కట్టేసింది.

"అప్పుడే ఆపేశావేంది? ఇంకా సగానికి రాలా," అంది మాణిక్యమ్మ.

"ఇక కాచొద్దు అత్తయ్యా."

"ఏం?"

చెప్పకుండా ఉండొచ్చు. నీళ్లు మారుద్దాం, క్యాన్లు తెప్పిద్దాం అని ఊరుకోవచ్చు. డెబ్బై రెండేళ్ల మనిషి, ఈ దేశంలో ఆవిడకంటూ ఉన్న పనల్లా ఆ పిల్ల తిండీ నీళ్లే. తేదీ తీసేయమన్న మనిషి మీద రెండు రోజులుగా మండిపడుతూ, తన వంటింట్లో తను చేయబోతున్నదేమిటో వకుళకి అర్థమైంది.

చెప్పింది. పన్ను సంగతి, పటం సంగతి, గిన్నె సంగతి. వరసగా, మెల్లగా.

మాణిక్యమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. గిన్నె వైపే చూసింది.

"నా చేతుల్తో నేనే..." అంది.

"మీకు తెలీదు. నాకే తెలీలేదు."

"నువ్వు ఆఫీసుకి పోతావు. నేనుగదా ఇంట్లో ఉండేది." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్లకి ఏమన్నా అవుద్దా?"

"డాక్టరు దగ్గరికి సోమవారం తీసుకెళ్తున్నాను. మందు ఉంది. ముందే తెలిస్తే మందు పనిచేస్తుంది. ఎప్పటి నుంచి పోతోందో తెలిస్తే ఎంత ఇవ్వాలో తెలుస్తుంది."

మాణిక్యమ్మ లేచింది. గిన్నె రెండు చేతులా ఎత్తి, నీళ్లు సింకులో పారబోసింది. గిన్నె బోర్లించింది. అప్పుడు అడిగింది.

"లోయలో పిల్లల తల్లులకి తెలుసా?"

"తెలీదు."

"వాళ్లు తాపుతానే ఉన్నారా ఈ పొద్దు కూడా?"

"ఆఁ."

"మరి వాళ్లకి ఎవురు చెప్తారు?"

వకుళ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి జోయాన్‌కి చేసింది. రెండే మాటలు మాట్లాడింది. "ఒప్పంద పత్రంలో మా అత్తయ్య పెట్టించిన వాక్యం ఉంది చూడు," అంది. అవతల జోయాన్, "ప్రింటరులో కాగితం నింపుతున్నాను," అంది.

*

వేసవి మొదలవుతోంది కాబట్టి ఎనిమిదవుతున్నా బయట ఇంకా వెలుగుంది. అన్నం క్యాను నీళ్లతో వండారు. ఫణి తినడం మొదలుపెట్టలేదు. వకుళ చెప్పిందంతా విన్నప్పటి నుంచి కూతురి నెత్తి మీద చెయ్యి వేస్తూ, తీస్తూ ఉన్నాడు.

"సంతకం పెట్టేసెయ్," అన్నాడు చివరికి. "మన పిల్లకి మనం మందిప్పిద్దాం. ఈ ఊరు వదిలేసి వేరే ఊరు పోదాం. వచ్చే నెల పౌరసత్వం ఇంటర్వ్యూ పెట్టుకుని ప్రభుత్వంతో గొడవేంటి వకుళా? అక్కడ కూర్చున్నవాడికి మన ఫైలు పక్కన పడెయ్యడానికి ఎంతసేపు? ఇది ఇంకా మన దేశం కాలేదు."

"పన్ను మాత్రం ఇక్కడిదే."

"మాటలు బానే ఉంటాయి."

"మాట కాదు. వచ్చే నెల ఆ ఇంటర్వ్యూలో ఈ దేశం చట్టాలకి కట్టుబడి ఉంటారా అని అడుగుతారు. ఉంటానని చెప్పాలి. నీటి బోర్డుని ఎన్నుకోవడం కూడా చట్టమే కదా? ఆ చట్టాన్ని తీసి గూట్లో పెట్టినవాళ్లకి సాయం చేసొచ్చి, ఎట్లా చెప్పను?"

"నువ్వొక్కదానివీ ఆపగలవా?"

"ఆపలేను."

చిన్మయి మజ్జిగలో వేలు ముంచి నాక్కుంటూ ఒకసారి తల్లినీ ఒకసారి తండ్రినీ చూస్తోంది. మాణిక్యమ్మ కలగజేసుకోలేదు. ఎప్పుడూ కలగజేసుకునే మనిషి.

వకుళ బ్యాగులోంచి చిన్న డబ్బా, మడిచిన కాగితం ఒకటీ తీసి కూతురి పళ్లెం పక్కన పెట్టింది.

"ప్రామిస్ చేశాను కదా. ఇదిగో నీ పన్ను. ఇది దాంట్లో చదివిన వివరం."

చిన్మయి కాగితం విప్పి అక్షరాలు కూడబలుక్కుంది. "మార్చి నైన్‌టీన్. ఆ రోజు ఏమైంది?"

"చెప్తాను. అన్నం తిన్నాక అంతా చెప్తాను."

"దాచకుండా చెప్పు," అంది మాణిక్యమ్మ, తల ఎత్తకుండా. "నీళ్లు కాసింది నేనేనని కూడా చెప్పు."

వకుళ పెరుగు గిన్నె భర్త వైపు జరిపింది. గొంతు పెంచలేదు. రేపు కూరలు తేవాలి అన్నట్టే అంది.

"రేపు ఎనిమిదిన్నరకి పోస్టాఫీసు తెరుస్తారు. పళ్లన్నీ తిరిగి పంపించేస్తున్నాను. ఎవరి పన్ను వాళ్లకి, తేదీ రాసిన కాగితంతో. జోయాన్ మధ్యాహ్నం నుంచి కవర్లు అంటిస్తోంది. పదింటికి మెర్సర్ వస్తే ఖాళీ డబ్బాలు ఉంటాయి. సంతకం పెట్టను. ఉద్యోగం ఉండదు. ఇంటర్వ్యూ సంగతి నాకు తెలీదు. మీ అందరికీ ముందే చెప్పాలి కాబట్టి చెప్తున్నాను."

పక్కింటి వాళ్ల లాన్‌కి నీళ్లు కొట్టే చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది. ఫణి పెరుగు వేసుకున్నాడు. కలిపాడు. కలుపుతూనే ఉండిపోయాడు.

"ఎన్ని కవర్లు?" అన్నాడు.

"పదకొండు వందల నలభై."

"నీ కారులో పట్టవు." పళ్లెం వైపే చూస్తూ అన్నాడు. "నాది తీసుకెళ్దాం. వెనక సీటు మడవాలి."